స్ట్రోక్ తర్వాత మెదడు లీకేజీ కొలిచే స్కాన్: ఆరేళ్ళు తీశాక నాకు తెలిసింది

నేను బరంపురంలో ఎమ్మారై టెక్నీషియన్ని, మా అమ్మావాళ్ళది ఇచ్ఛాపురం. స్ట్రోక్ పేషెంట్లకి బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ ఎంత దెబ్బతిందో చూసే స్కాన్ ఆరేళ్ళ బట్టి తీస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టే సెంటర్ల వాళ్ళు ఎలా ఉందని అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మెదడులో రక్తనాళాల లోపలి గోడ కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, రక్తంలో ఉన్నదల్లా మెదడులోకి దూరకుండా ఆపేవి అవే. స్ట్రోక్‌లో రక్తం అందక ఆ అతుకులు వదులైపోతాయి, తర్వాత క్లాట్ కరిగి రక్తం మళ్ళీ జోరుగా వస్తే అక్కడే కారే ప్రమాదం ఉంటుంది. 1995 నాటి ఎన్ఐఎన్‌డీఎస్ అనే అమెరికా ట్రయల్లో క్లాట్ కరిగించే ఆల్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళలో 6.4 శాతం మందికి మెదడులో నెత్తురు కారి పరిస్థితి దిగజారింది, ఇవ్వనివాళ్ళలో 0.6 శాతమే. అయినా మొత్తమ్మీద బాగా కోలుకున్నవాళ్ళు ఆ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ. ఎవరికి కారుతుందో ముందే పసిగట్టగలిగితే ఎంత బాగుణ్ణు, ఈ స్కాన్ మీద మా ఆశంతా అదే.

ముందు డైనమిక్ కాంట్రాస్ట్ స్కాన్ సంగతి. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందుని ఒంటి బరువులో కిలోకి 0.1 మిల్లీమోల్ చొప్పున ఎక్కించి, వరసగా టీ1 అనే రకం ఎమ్మారై బొమ్మలు తీస్తూ పోతే, లీక్ ఉన్నచోట మెల్లగా తెల్లబడుతుంది, దాన్నుంచి సాఫ్ట్‌వేర్ కే-ట్రాన్స్ అని ఒక అంకె ఇస్తుంది, నిమిషానికి ఎంత జారుతోందో అని. రంగురంగుల మ్యాప్ వస్తుంది, చూడ్డానికి ఎంతో బాగుంటుంది, కానీ ఆ అంకెని నేను ఒంటరిగా ఎప్పుడూ నమ్మను. ట్యూమర్లో లీక్ బోలెడుంటుంది, స్ట్రోక్‌లో చాలా కొంచెం, మెషీన్ నాయిస్‌లోనే కలిసిపోయేంత. మేము మొదట 5 నిమిషాలు తీసేవాళ్ళం, అంకెలు ఒకరోజు ఒకలా ఇంకోరోజు ఇంకోలా, తర్వాత 15 నిమిషాలు చేసి, ఇంత తక్కువ లీక్‌కి సరిపడే పాట్లక్ పద్ధతికి మారాక కాస్త కుదుటపడింది. కానీ మాట పడిపోయిన మనిషి, మనం చెప్పేది అర్థం కాని మనిషి, 15 నిమిషాలు తల కదపకుండా ఎలా ఉంటారు చెప్పండి? తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా అంతే. తలకి రెండువైపులా మెత్తలు పెట్టి, ఇంటివాళ్ళని లోపలే చెయ్యి పట్టుకుని కూచోమంటాను (జేబులో ఇనుము లేకుండా చూసుకునే లెండి), నాకు తెలిసి అంతకంటే బాగా పనిచేసింది ఏదీ లేదు.

ఇంకోటి, దీని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. రక్తమే అందని చోటికి కాంట్రాస్ట్ కూడా అందదు, అప్పుడు మ్యాప్‌లో అక్కడ లీక్ లేనట్టే కనపడుతుంది. బాహుదాలో నీళ్ళే లేనప్పుడు గట్టుకి గండి పడిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకే పక్కన పర్ఫ్యూజన్ (ఎక్కడికి రక్తం ఎంత అందుతోందో చూపే స్కాన్) పెట్టుకోకుండా కే-ట్రాన్స్ చదవకండి, రెండోవైపు మెదడుతో పోల్చకుండా అసలు చదవకండి.

రోజువారీగా నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం హార్మ్. 2004లో వారాక్, లాటూర్ అనే పరిశోధకులు చెప్పిన గుర్తు ఇది. మొదటి రోజు పర్ఫ్యూజన్‌కి గాడోలినియం ఇస్తాం కదా, మర్నాడు మామూలు ఫ్లెయిర్ (మెదడు చుట్టూ ఉండే నీరు నల్లగా కనపడే ఎమ్మారై బొమ్మ) తీస్తే, ఆ కాంట్రాస్ట్ మెదడు ముడతల మధ్య నీటిలోకి జారి తెల్లగా మెరుస్తుంది. అదనపు ఇంజెక్షన్ లేదు, లెక్కలు లేవు, రెండోసారి తీసేది కొద్ది నిమిషాలే. రక్తం తిరిగొచ్చినవాళ్ళలో ఎక్కువ కనపడుతుంది, కనపడినవాళ్ళలో నెత్తురు కారే అవకాశమూ ఎక్కువే. లోపం ఏంటంటే ఇది ముందే హెచ్చరించదు, క్లాట్ కరిగించే ఇంజెక్షన్ అయిపోయాక మర్నాడు తెలిసే సంగతి. బీపీ విషయంలో డాక్టర్లు ఇంకాస్త జాగ్రత్తపడటానికి పనికొస్తుంది, ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేదానికి కాదు.

దీనితో ఒకసారి నేనే దెబ్బతిన్నాను. పర్లాకిమిడి వైపు నుంచి ఒక పెద్దమ్మని తెచ్చారు, ముందురోజు రాత్రి వేరే ఆస్పత్రిలో స్కాన్ అయిందట, కాగితాల్లో కాంట్రాస్ట్ మాట లేదు, నేనూ అడగలేదు. ఫ్లెయిర్లో ముడతలన్నీ తెల్లగా ఉంటే మెదడు పొరల్లో నెత్తురనుకుని అందరం కంగారుపడ్డాం. ఆమె కొడుకు గుమ్మం దగ్గర నిలబడి "ఏటి బాబూ, నెత్తురు గానీ కారతందా?" అని అడుగుతుంటే నా నోట మాట రాలేదు. వెంటనే సీటీ తీశాం, నెత్తురు లేదు, నెత్తురు ఆనవాళ్ళు పట్టే ఎస్‌డబ్ల్యూఐ ఎమ్మారైలోనూ లేదు. అది హార్మ్. ఆ గంటసేపు ఆ కుటుంబం పడ్డ బాధ నాకింకా గుర్తుంది. ఇంకా రెండు విషయాల్లో మోసపోవచ్చు: పేషెంట్‌కి ఆక్సిజన్ బాగా ఎక్కిస్తున్నా ఫ్లెయిర్లో నీరు తెల్లబడుతుంది, కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళలో గాడోలినియం చాలాసేపు ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి అక్కడా అంతే.

వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో క్లాట్ తీయించుకున్నవాళ్ళకి సీటీలో తెల్లమచ్చ కనపడితే అది నెత్తురా, క్లాట్ తీసేటప్పుడు ఎక్కించిన కాంట్రాస్ట్‌లోంచి జారిన అయోడినా అనేది ఇంకో తలనొప్పి. డ్యుయల్ ఎనర్జీ సీటీ ఉంటే విడదీసి చెప్పేస్తుంది, లేకపోతే మళ్ళీ తీసి చూడాలి, అయోడిన్ అయితే మామూలుగా ఒకట్రెండు రోజుల్లో పోతుంది.

కొనొచ్చా అని అడిగితే, మెషీన్ మీదున్న పర్ఫ్యూజన్‌తో హార్మ్ చూడ్డానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, రేపే మొదలుపెట్టండి. కే-ట్రాన్స్ సాఫ్ట్‌వేర్ మాత్రం మీ దగ్గర ఓపిగ్గా చదివే రేడియాలజిస్టు ఉంటేనే తీసుకోండి. ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల లోపు వచ్చిన మనిషిని మాత్రం ఈ స్కాన్ కోసం ఒక్క నిమిషం కూడా ఆపకండి, గజపతి కొండల మీంచి ఇక్కడికి రావటానికే వాళ్ళకి సగం టైం అయిపోయి ఉంటుంది. నేనైతే ఇప్పుడు పేరు, వయసు కంటే ముందు గుమ్మంలోనే అడుగుతున్నాను, నిన్న గానీ మొన్న గానీ ఎక్కడైనా సూది వేసి స్కాన్ తీశారా అని.