హికారీ సీపీ నాలుగేళ్లు వాడాక నా మాట

హికారీ సీపీ అంటే జావా యాప్‌లకి కనెక్షన్ పూల్, అంటే డేటాబేస్ కనెక్షన్లని తెరిచి ఉంచుకుని, అడిగిన కోడ్‌కి ఇచ్చి, పని అయ్యాక వెనక్కి తీసుకునే లైబ్రరీ. జావా యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో 2.0 నుంచి డిఫాల్ట్ పూల్ ఇదే కాబట్టి నేనేం ఏరికోరి తెచ్చుకోలేదు, ప్రాజెక్ట్‌తో పాటే వచ్చి కూర్చుంది. నాలుగేళ్లలో దీన్ని తిట్టుకున్న రాత్రులు చాలానే ఉన్నాయి, తీరా చూస్తే తప్పు దాదాపు ప్రతిసారీ నాదే.

"కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ ఆఫ్టర్ 30000 ఎంఎస్" అని లాగ్‌లో పడగానే ఎవరైనా డేటాబేస్ పడిపోయిందనే అనుకుంటారు. నేనూ అంతే, వెళ్లి పీఎస్‌క్యూఎల్‌లో (మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్ లైన్ టూల్) లాగిన్ అయితే టక్కున ఓపెనైంది, మరి యాప్‌కేం రోగం? డిఫాల్ట్‌గా పూల్‌లో ఉండేవి 10 కనెక్షన్లే, పదీ ఎవరో పట్టుకుని వదలట్లేదు, పదకొండో రిక్వెస్ట్ 30 సెకన్లు క్యూలో నిలబడి నిలబడి వెనక్కి వచ్చేసింది. అప్పుడు నేను వెలగబెట్టిన ఘనకార్యం ఏంటంటే పూల్‌ని 50 చెయ్యడం. యాప్ కాపీలు మూడు నడుస్తున్నాయి, మినిమమ్ ఐడిల్ (ఖాళీగా సిద్ధంగా ఉంచాల్సిన కనెక్షన్ల సంఖ్య) విడిగా చెప్పకపోతే పూల్ ఎంత పెద్దదో అన్ని కనెక్షన్లూ ముందే తెరిచి పెట్టుకుంటుంది, అంటే 150, పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ చూస్తే 100. అంతకుముందు లాగిన్ అయిన నాకు కూడా ఈసారి "టూ మెనీ క్లయింట్స్" అని తలుపు మూసేసింది.

అసలు ముందే చెయ్యాల్సింది లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ ఆన్ చెయ్యడం, అంటే తీసుకున్న కనెక్షన్‌ని ఇంతసేపట్లో తిరిగి ఇవ్వకపోతే లాగ్‌లో చెప్పమనే సెట్టింగ్. డిఫాల్ట్‌గా అది 0, అంటే ఆఫ్, నాకు దీనిమీద ఉన్న పెద్ద కంప్లైంట్ ఇదే. 20000, అంటే 20 సెకన్లు పెట్టగానే కనెక్షన్ తీసుకుని ఇవ్వనిది ఎవరో స్టాక్ ట్రేస్‌తో (కోడ్‌లో ఏ లైన్ దగ్గరో చూపే జాబితా) సహా చూపించింది, ఒక రిపోర్ట్ కోడ్‌లో ఎక్సెప్షన్ వస్తే కనెక్షన్‌ని తిరిగి ఇచ్చే క్లోజ్ దాకా పోవట్లేదు, రాసింది నేనే. కాకపోతే ఇది చెప్తుందంతే, ఆ కనెక్షన్‌ని వెనక్కి లాక్కోదు, పైగా నిజంగానే ఎక్కువసేపు నడిచే క్వెరీని కూడా లీక్ అనే అరుస్తుంది.

ఇంకోసారి మధ్యలో ఫైర్‌వాల్ ఊరికే ఉన్న కనెక్షన్లని చప్పుడు లేకుండా తెంపేస్తుంటే, మ్యాక్స్ లైఫ్‌టైమ్ (ఒక కనెక్షన్‌ని ఎంతకాలం వాడి మార్చాలో చెప్పే సెట్టింగ్) తగ్గించి చూడమని హికారీ లాగ్‌లో ఇచ్చిన వార్నింగ్‌లోనే రాసింది. డిఫాల్ట్ 30 నిమిషాలు, నేను ఫైర్‌వాల్ టైమౌట్ కన్నా తక్కువకి దించా, ఆ గొడవ పోయింది. నేనైతే ఆ వార్నింగ్‌ని రెండు వారాలు చదవకుండానే స్క్రోల్ చేశా, అది వేరే సంగతి.

పాత అలవాటుకొద్దీ కనెక్షన్ బతికుందో లేదో చూడ్డానికి సెలెక్ట్ 1 టెస్ట్ క్వెరీ కూడా పెట్టుకున్నా, కొత్త డ్రైవర్లకి అది అక్కర్లేదు, తీసేశా. పూల్ సైజు కూడా మళ్లీ 10కే దించా, ఏమీ అవలేదు.