డోర్నకల్ కెథడ్రల్: మెదక్ చూసొచ్చిన కళ్ళతో వెళ్ళకండి (నా రివ్యూ)

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు కోశానో చివర్లో చెప్తా, అందులో చర్చి తప్పేం లేదు.

కాజీపేట-విజయవాడ లైన్లో తిరిగేవాళ్ళకి డోర్నకల్ అంటే జంక్షన్, అంతే. కొత్తగూడెం వైపు బొగ్గు లైను ఇక్కడే విడిపోతుంది, టీ తాగి మళ్ళీ రైలెక్కేస్తారు. ఆ ఊళ్ళోనే సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళ ఎపిఫనీ కెథడ్రల్, అంటే బిషప్పు పీఠం ఉండే పెద్ద చర్చి, ఉందని, మన దేశంలో మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) బిషప్పు అజరయ్య గారు కూర్చున్న పీఠం అదేనని మన క్రైస్తవుల్లోనే చాలామందికి తెలీదు. మెదక్ చర్చికి మాత్రం బస్సులు బస్సులు వెళ్తాయి. నాకు మెదక్ మీద కోపం లేదండీ, ఆ రంగుటద్దాలు చూసి నేనూ నోరెళ్ళబెట్టినవాణ్ణే, కానీ అక్కడ చూసిందే ఇక్కడా ఉంటుందని వస్తే నిరాశ పడతారు, ఇది వేరే లెక్క.

దూరం నుంచి చూస్తే ఇది చర్చి అని వెంటనే తట్టదు. పైన గుమ్మటాలు చూస్తే మసీదేమో అనిపిస్తుంది, దగ్గరికొచ్చి రాతి స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది, తలెత్తితే శిలువ. తామర పువ్వు కూడా చెక్కించారు. ఏదో మేస్త్రీ ఇష్టం కొద్దీ వచ్చింది కాదు ఇది, బిషప్ అజరయ్య గారు కావాలనే అలా కట్టించారు, ఈ దేశంవాళ్ళు లోపలికొస్తే ఇంగ్లండులో అడుగుపెట్టినట్టు ఉండకూడదని. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు, తూర్పు జ్ఞానులు బాలయేసుని చూడ్డానికి వచ్చిన పండుగ రోజు అది, చర్చి పేరు కూడా ఆ పండుగదే.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. ఆయన బిషప్ అయింది 1912 డిసెంబర్ 29న, కలకత్తాలో. కెథడ్రల్ ప్రతిష్ఠ 1939లో. అంటే మధ్యలో ఇరవయ్యారేళ్ళు గడిచిపోయాయి. ఆ ఇరవయ్యారేళ్ళు ఏం చేశారన్నదే అసలు సంగతి, నన్నడిగితే అది తెలుసుకోకుండా ఈ బిల్డింగ్ చూసి లాభం లేదు.

అజరయ్య గారు తెలుగాయన కాదు, తిరునెల్వేలి దగ్గర వెల్లాలన్‌విలై అనే పల్లెలో 1874లో పుట్టిన తమిళాయన, వాళ్ళ నాన్న కూడా పల్లెటూరి పాదిరిగారే. వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంస్థలో పనిచేస్తూ తిరిగేవారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులే సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషన్ సొసైటీ పెట్టుకున్నారు, ఆ పనికి ఈయన కూడా ముందున్నారు, ఆ సొసైటీ ఎంచుకున్న చోటు నైజాం రాజ్యంలోని ఈ డోర్నకల్. మన తెలుగు సంఘాల చరిత్ర ఎక్కడ మొదలుపెట్టినా ఒక తెల్లదొర ఓడ దిగడంతో మొదలవుతుంది కదా, మాది గుంటూరు వైపు, మేం లూథరన్లం, మాకు 1842లో వచ్చిన హయ్యర్ గారు, ఒంగోలు బాప్టిస్టులకి క్లౌ దొరగారు, బందరు వాళ్ళకి నోబుల్ గారు (అసలు మనవాళ్ళు ఏ మిషన్ అన్నది ఏ జిల్లాలో పుట్టాం అన్నదాన్ని బట్టే ఉంటుంది, సిద్ధాంతాలు మనం చదివి ఎంచుకున్నదేం లేదు, నవ్వొస్తుంది గానీ నిజం). డోర్నకల్‌కి వచ్చింది మాత్రం ఓడ దిగిన దొర కాదు, రైలు దిగిన తమిళులు. 1909లో అజరయ్య గారే పాదిరిగా పట్టం పుచ్చుకుని కాపురం ఇక్కడికి మార్చేశారు, మొదట్లో గుడారంలో ఉన్నారు, తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగారు.

ఆ మరుసటి ఏడు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడ నిలబడి మిషనరీల ముఖానే అడిగేశారు. మా పేదలకి మీ ఆస్తులిచ్చారు, మీ ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్నివ్వండి అని. అంటే సాయం చేస్తున్నారు సరే, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెడుతున్నారా అని. కొందరికి మండిందట. మండదా మరి!

ఇక ఊళ్ళలో చేసిన పని. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు, భూమి లేదు, చదువు లేదు, ఊరి భూస్వామి దగ్గర అప్పు, సాయంత్రమైతే కల్లు సారా. అజరయ్య గారు మురికి, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ నాలుగు దయ్యాలు అనేవారు, ప్రసంగాల్లో వీటి మీదే పడేవారు. ఇది వట్టి నోటిమాటగా వదల్లేదు. పల్లెకో ఉపాధ్యాయుణ్ణి పెట్టారు, పగలు పిల్లలకి అక్షరాలు, రాత్రి పెద్దలకి ప్రార్థన, ఆ టీచరే సగం పాస్టరు. డోర్నకల్లో బోర్డింగు బడి, ఉపదేశుల్ని తయారుచేసే స్కూలు, చేతిపనులు నేర్పేది, సొంత ప్రెస్సు, ఇవన్నీ ఈ కాంపౌండ్ చుట్టూ లేచినవే. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత తమ నెత్తిమీదే చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ" అనిపించేవారు. చదువు రానివాడు కూడా బాధ్యత లేకుండా తప్పించుకోడానికి లేదన్నమాట.

ఇదంతా అందరికీ నచ్చింది అనుకోకండి. ఇలా గుంపులు గుంపులుగా మతం మారడం మీద గాంధీ గారికి గట్టి అభ్యంతరం ఉండేది, ఈయనతో వాదన కూడా నడిచింది. అలాగని అజరయ్య గారు మాకు విడిగా సీట్లు కావాలి అన్న మనిషి కూడా కాదు, క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దే వద్దన్నారు. ఆయన్ని ఏ పార్టీ ఖాతాలో వేద్దామన్నా పట్టడు.

ఇప్పుడు ఆరాధన గురించి. మేం వెళ్ళింది ఆదివారం పొద్దున. పద్ధతి ప్రకారం నడిచే సీఎస్ఐ ఆరాధన, ప్రార్థనలు పుస్తకంలోంచి, కీర్తనలు పాతవి, డ్రమ్స్ కీబోర్డు హోరు కోసం వెళ్ళేవాళ్ళకి నిద్రొస్తుందేమో, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. లోపల రాతి చల్లదనం ఉంటుంది, పాట ఎత్తుకుంటే గొంతు గొంతుకీ విడిగా తెలుస్తుంది. కానుకల టైములో నా ముందున్న పెద్దావిడ గుడ్డ సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసింది, మూత గట్టిగా పట్టేసింది, మోచేత్తో అదిమి తిప్పి తీసి, అందులో బియ్యం మొత్తం కానుకల్లో పోసేసి, డబ్బా అడుగున అంటుకున్న నాలుగు గింజలు కూడా వేలితో రాల్చింది. ఆరాధన అయ్యాక అడిగా, "పెద్దమ్మా, ఆ బియ్యం ఏంటి?" అని. "వారం బియ్యం బిడ్డా. ఎసట్ల పోసేముందు పిడికెడు తీసి పక్కకు పెడ్త. మా అత్త గట్లనే చేసేది" అంది. చేతిలో రూపాయి లేనివాళ్ళు కూడా సంఘాన్ని ఎలా పోషించారో అని నాకెప్పుడూ డౌటు ఉండేది, ఇలాగే, పిడికెడు పిడికెడు. ఇచ్చే సంఘమే నిలబడుతుంది, ఎంత పేదదైనా సరే అని అజరయ్య గారు జీవితమంతా పోరిన విషయం ఇదే.

అదే కోతపండుగకి వెళ్తే ఇంకా సందడి. మా వైపు సంఘాల్లో అయితే వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు బలిపీఠం ముందు పెట్టి తర్వాత వేలం వేస్తారు, నూటయాభై రూపాయల గుమ్మడికాయని ఆరొందలకి పాడుకుని మురిసిపోయేవాళ్ళుంటారు. ఇలాంటి మన పండుగల్ని, మన పాటల్ని ఆరాధనలోకి తెమ్మని ముందునించీ చెప్పింది కూడా ఈయనే, కథలు పాటగా చెప్పించేవారు.

ఆయన సమాధి చర్చి పక్కనే ఉంది. 1945 జనవరి 1న పోయారు. పాపం, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మిగతావాళ్ళు అందరూ ఒకే సంఘం కావాలని 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో జరిగిన మీటింగ్ నుంచీ తిరిగారు, ఆ సీఎస్ఐ పుట్టింది 1947 సెప్టెంబర్ 27న, అది చూడ్డానికి ఆయన లేరు. మా లూథరన్లు ఇప్పటికీ అందులో కలవలేదు లెండి, ఆ గొడవ ఇక్కడొద్దు. తెలుగు క్రైస్తవుల్లో అజరయ్య అనే పేరు పెట్టుకున్నవాళ్ళు కనిపిస్తే ఈయన్ని ఒకసారి తలుచుకోండి.

ఇక ఆ అర మార్కు. ముందురోజు రాత్రి పక్క టౌన్లో ఒక లాడ్జిలో దిగాం, పేరెందుకు లెండి, ఏసీ రూము అని డబ్బులు కట్టించుకుని ఫ్యాను కూడా సరిగ్గా తిరగని రూమిచ్చారు, పొద్దున్నే నీళ్ళు లేవు, బకెట్టు తెచ్చుకోడానికి కిందికి దిగాల్సొచ్చింది. డోర్నకల్లో రాత్రి ఉండాలని ప్లాన్ పెట్టుకోకండి, ఖమ్మంలో కాస్త మంచి హోటల్ చూసుకుని దిగి పొద్దున్నే రైల్లో రండి, సికింద్రాబాద్ వైపు నుంచైతే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. ఆరాధన జరిగేటప్పుడు ఫోన్ ఎత్తి వీడియోలు తీయకండి, అయిపోయాక అక్కడున్నవాళ్ళని ఒక మాట అడిగి తీసుకోండి. ఏప్రిల్, మే మాత్రం వద్దు, ఆ వైపు ఎండలు మామూలుగా ఉండవు, డిసెంబర్ జనవరిలో పెట్టుకోండి, పిల్లలకి తినడానికి ఏమైనా ఇంటి దగ్గరే కట్టుకుని వెళ్ళండి.