బెజవాడ ఎండల్లో పిల్లలతో ఎక్కడికి? ముందు నీడ చూడండి

బెజవాడలో ఏప్రిల్ వచ్చిందంటే పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం మాటలు కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా ఆగక్కర్లేదు, ఉగాది దాటి నాలుగు వారాలైతే చాలు, మధ్యాహ్నం పూట రోడ్డు మీద మనిషి కనపడడు. మే నెలలో 45 డిగ్రీలు చూసిన ఊరు ఇది. పైగా చుట్టూ కొండలు. పగలంతా కాగిన రాయి రాత్రి ఎనిమిదింటికి కూడా సెగ కొడుతూనే ఉంటుంది. మేముండేది పటమట దాటాక, కానూరు వైపు. సెలవులకి హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు పిల్లలు దిగుతారు, మా వాళ్లతో కలిపి ఇల్లు నిండిపోతుంది. వీళ్లందర్నీ తిప్పగా నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఈ ఊళ్లో పార్కుకి వెళ్లేముందు అక్కడ ఏం ఆటలున్నాయని కాదు, నీడెంత ఉందని అడగాలి.

మా వైపు ఈమధ్య కట్టిన కాలనీ పార్కు ఒకటుంది. అలాంటివి ఊరి చుట్టూ చాలానే వచ్చాయి. గేటు బాగుంటుంది, రంగురంగుల లైట్లు, నేలంతా టైల్స్, అక్కడక్కడ చూపుకి మాత్రమే పనికొచ్చే పొడుగాటి పామ్ మొక్కలు. సాయంత్రం అయిదింటికి తీసుకెళ్తే మా చిన్నది జారుడుబల్ల మీద కూర్చోగానే కెవ్వుమని లేచింది. స్టీలు రేకు. తొడల వెనక చర్మం ఎర్రగా కమిలింది. వాచ్‌మన్ పైపు తెచ్చి నీళ్లు కొట్టాడు, చూస్తుండగానే ఆ తడి ఆరిపోయింది. "ఆరున్నర దాటాక తీసుకురండమ్మా, అప్పటికి రేకు చల్లారుద్ది" అన్నాడు. ఆరున్నరకి చీకటి, దోమలు. అప్పట్నించి ఎక్కడికెళ్లినా నా అరచెయ్యి ఆనించి చూశాకే పిల్లల్ని ఎక్కనిస్తున్నాను. ప్లాస్టిక్ బల్ల కొంత నయం. నల్ల రబ్బరు నేల మాత్రం చెప్పులు విప్పితే కాలుతుంది, ఇసుకైతే పై పొర కాలితో తోసేస్తే కింద చల్లగా ఉంటుంది. కాలనీ సంఘాల వాళ్లు లైట్లకి పెట్టే డబ్బులో కొంచెం తీసి, ఆటస్థలానికి పడమటి పక్కన వరసగా కానుగ మొక్కలు వేయించండి. కానుగ తొందరగా ఎదుగుతుంది, మన నేలకి అలవాటైన చెట్టు, ఎండాకాలంలోనే నిండుగా చిగురేసి ఉంటుంది.

పాత పార్కుల దగ్గర ఈ బాధ తక్కువ. బస్టాండు దగ్గర కృష్ణలంక మొదట్లో ఉన్న రాజీవ్ గాంధీ పార్కు నాకు ఇప్పటికీ నచ్చుతుంది. చెట్లున్నాయి, పిల్లలు పరిగెత్తడానికి చోటుంది, ఏ సిటీ బస్సెక్కినా బస్టాండులో దిగి వెళ్లిపోవచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం కిటకిటలాడుతుంది, చిన్నపిల్లలుంటే మామూలు రోజుల్లో వెళ్లండి. బందరు రోడ్డు వైపు రాఘవయ్య పార్కు చిన్నది. మా అత్తగారి లాంటి పెద్దవాళ్లు కాసేపు నడిచి కూర్చోవడానికి సరిపోతుంది, పదేళ్లు దాటిన పిల్లలకి అరగంటలో విసుగొస్తుంది.

స్వరాజ్య మైదానంలో 2024 జనవరిలో ప్రారంభమైన అంబేడ్కర్ స్మృతివనం సంగతి వేరు. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, చుట్టూ విశాలమైన జాగా. కానీ అంతా రాతి పరుపు, పొద్దు ఉండగా వెళ్లొద్దు. దీపాలు పెట్టాక వెళ్తే పెద్దవాళ్లకీ పిల్లలకీ బాగుంటుంది. అదే బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, పాతవాళ్లు విక్టోరియా మ్యూజియం అంటారు. మధ్యాహ్నం పూట పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తోచకపోతే నేను ముందు చెప్పేది ఇదే. 1887లో పునాది వేసిన భవనం, బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది ఈ ఊళ్లోనే అని పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. మాల్స్ గురించి చెప్పేదేం లేదు. ఏసీ ఉంటుంది, జేబు ఖాళీ అవుతుంది.

ఇక కృష్ణ. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి తెలియని విషయం, ఎండాకాలంలో ప్రకాశం బ్యారేజీకి దిగువన చాలా మటుకు ఇసుకే కనిపిస్తుంది, నీళ్లుండేది ఎగువన. అందుకని పద్మావతి ఘాట్ వైపు కాకుండా దుర్గా ఘాట్, భవానీపురంలో పున్నమి ఘాట్ వైపు వెళ్లండి. నీటి మీంచి గాలి తగులుతుంది. పిల్లల చెయ్యి మాత్రం వదలొద్దు, ఘాట్ మెట్లు పాకుడు పట్టి ఉంటాయి.

భవానీ ద్వీపం 133 ఎకరాలు, బోటులో వెళ్లాలి. పిల్లలకి ద్వీపం ఎంత ఇష్టమో బోటూ అంతే ఇష్టం. 2017లో ఇదే నదిలో, ఇబ్రహీంపట్నం పక్కన పవిత్ర సంగమం దగ్గర జరిగిన బోటు ప్రమాదం ఈ ప్రాంతం వాళ్లెవరం మర్చిపోలేం. లైఫ్ జాకెట్ బిగించి కట్టకుండా పిల్లల్ని బోటెక్కనివ్వకండి, ఉక్కపోస్తోందని ఏడ్చినా సరే. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు ద్వీపం బాగా దెబ్బతింది. బోట్లు తిరుగుతున్నాయా, ఆఖరి బోటు ఎప్పుడు అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. చుట్టాలొస్తే నది పక్కన దించాలనుకునేవాళ్లకి టూరిజం వాళ్ల బెర్మ్ పార్కు హోటలు ఉంది. గది కిటికీ నది వైపు ఉండేలా అడిగి తీసుకోండి.

పొద్దున్నే లేవగలిగితే గాంధీ కొండ. 52 అడుగుల స్తూపం దగ్గర నిలబడితే కింద రైల్వే స్టేషను, ఊరంతా కనిపిస్తాయి. ఎనిమిదిన్నరకల్లా దిగిపోవాలి, ఆ తర్వాత రాయి వేడెక్కుతుంది. బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు. కొండని తొలిచి కట్టిన నాలుగంతస్తులు, లోపల పడుకున్న పెద్ద అనంతశయన విష్ణువు. బయట ఎంత ఎండ కాసినా లోపల చల్లగా ఉంటుంది, మా వాళ్లు అక్కణ్నించి ఓ పట్టాన కదలరు. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం బ్యారేజీ మీంచి వస్తూ 70 గేట్లూ లెక్కపెట్టమంటే దారి పొడుగునా అల్లరి ఉండదు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువు ఈ జాబితాలో లేదేమని అడుగుతారు. అక్కడ గూడబాతులు, కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని సాకడం చూడాలంటే చలికాలం రావాలి. వేసవిలో తీసుకెళ్లి నిరాశపరచకుండా, దాన్ని డిసెంబరు సెలవులకి అట్టే పెట్టుకోండి.