పటమటలో కారు నేర్పే స్కూల్: సాయంత్రం బ్యాచ్ అయితేనే చేరండి

విజయవాడ పటమటలో మా ఇంటి దగ్గర డ్రైవింగ్ స్కూల్ ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు. బాగానే ఉంది, కాకపోతే పొద్దున్న బ్యాచ్‌లో మాత్రం చేరొద్దు. ఐదున్నరకి బందరు రోడ్డు ఖాళీగా ఉంటుంది, గేర్లు, క్లచ్, రివర్స్ అన్నీ హాయిగా వచ్చేస్తాయి, కానీ ఆ టైంలో బెంజ్ సర్కిల్‌లో నేర్చుకోవడానికి ఏముంటుంది? ఫ్లైఓవర్లు వచ్చాక హైవే మీద నేరుగా పోయేవాళ్లు పైనుంచి పోతున్నారు గానీ బందరు రోడ్డు వాళ్లూ, పక్కకి తిరిగేవాళ్లూ అందరూ కిందే కదా. సాయంత్రం ఆరింటికి అక్కడ కారు దాటించగలిగితే మిగతా ఊరంతా తేలికే. బ్యాచ్ ఖాళీ లేదంటే ఆగండి, ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) వచ్చాక డ్రైవింగ్ టెస్టుకి ఎలాగూ 30 రోజులు ఆగాల్సిందే.

సాయంత్రం నేర్పే మాస్టారు మంచివాడు. ఆరెంజ్ లైటు పడగానే మనవాళ్లు స్పీడు పెంచుతారు కదా, ఆయన మాత్రం అద్దంలో వెనక చూసుకుని ఆపమంటాడు, గీత దగ్గరికి వచ్చేసి ఇక ఆగలేం అన్నప్పుడే పోనిమ్మంటాడు. నేను ఆపితే వెనక ఆటో అతను హారన్ మోగించి మరీ తిట్టాడు. "తిట్టుకోనివ్వండి మేడం, గుద్దలేదు కదా" అన్నాడు మాస్టారు. రైట్ తిరిగేటప్పుడు ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్ వెనక ఒక బైకు మొత్తం కనపడకుండా పోతుందట, అందుకని కొంచెం ముందుకి వంగి చూడమన్నాడు. నిజంగానే అక్కడ స్కూటీ మీద ఇద్దరు ఉన్నారు! సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలని రూలు, మన సందుల్లో మాత్రం ముందు ముక్కు దూర్చినవాడిదే దారి. మీరు ఆగండి గానీ వాడు ఆగుతాడని మాత్రం అనుకోకండి అని రోజూ చెప్పేవాడు. జంక్షన్ మొదట్లోనే షేర్ ఆటో ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంటే ఏం చెయ్యాలో మాత్రం ఆయన దగ్గర కూడా సమాధానం లేదు, హారన్ కొట్టకుండా నిలబడటం తప్ప.

ఇక నచ్చనిది. రూలు ప్రకారం కారు ట్రైనింగ్ 21 రోజులకి తగ్గకూడదు, అందులో బండి మనం నడిపేది కనీసం 10 గంటలు ఉండాలి. ఇక్కడ అరగంట క్లాసులో ఇద్దర్ని ఎక్కిస్తారు, లెక్క మీరే వేసుకోండి. ఆఫీసులో అడిగితే "వెనక కూర్చుని చూడటం కూడా నేర్చుకోవడమే" అన్నారు, దానికి ఫీజు ఎందుకు, సిటీ బస్సులో కూర్చుని చూస్తా. పైగా మాస్టారి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి, దాంతో సిగ్నల్ దగ్గర బండి ఆపింది మనమో ఆయనో తెలియదు. చివరి వారం కాళ్లు వెనక్కి పెట్టుకోమని అడగండి, అడిగితే పెట్టుకుంటాడు. ఏసీ మాత్రం ఎంత అడిగినా వెయ్యరు, మంచినీళ్ల సీసా పట్టుకెళ్లండి.