స్వాలో థెరపీ, ఏడాది దాటాక: నా గొడవంతా చిక్కటి నీళ్లతోనే

పక్షవాతం వచ్చాక అమ్మ కోసం స్పీచ్ థెరపిస్టు ఇంటికి వస్తున్నారంటే చుట్టాలంతా మాటల కోసమే అనుకున్నారు. మాటల సంగతి తర్వాత. మాకు ముందు కావలసింది అమ్మ మింగగలగడం. ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబు తీయించి నోటితో తినే స్థితికి తెచ్చింది ఈ థెరపీయే, అందులో రెండో మాట లేదు. నా కోపమల్లా థిక్కెనర్ మీద, అంటే తాగేవాటిని చిక్కబరచడానికి కలిపే పొడి మీద.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టే ఇల్లు మాది. అమ్మ విషయంలో పొలమారకపోవడమే ప్రమాదమని ముక్కులోంచి సన్న కెమెరా దించి చూసిన పరీక్షలో తేలింది. నీళ్లు ఊపిరితిత్తుల దారి పట్టినా ఆమెకు దగ్గు రావడం లేదు. అందుకని ఏది తాగించినా చిక్కగా ఉండాలన్నారు. మజ్జిగన్నం, చారన్నం కూడా వద్దన్నారు, మెతుకు నోట్లో ఉండగానే నీరు విడిపోయి ముందు జారిపోతుందని. జబ్బు మనిషికి మజ్జిగన్నం పెట్టొద్దనడం మా పిన్నికి ఇప్పటికీ మింగుడు పడలేదు.

చిక్కదనం కొలిచే పద్ధతి మాత్రం భలే నచ్చింది. 10 మి.లీ. సిరంజిలో ప్లంజర్ తీసేసి, మూతిని వేలితో మూసి, 10 గీత దాకా పోసి, వేలు తీసి 10 సెకన్లు ఆగాలి. 4 నుంచి 8 మి.లీ. మిగిలితే ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ చిక్కదనపు లెక్కలో రెండో లెవెల్. అమ్మకు చెప్పింది అదే. రాగిజావ పొయ్యి దించగానే సరిగ్గా ఉండి, చల్లారేసరికి గట్టిపడేది. అందుకని తాగించే వేడిలోనే కొలుస్తాను.

మొదట కొన్న పొడి స్టార్చ్ రకం. ఎంగిలి చెంచా మళ్లీ గ్లాసులో ముంచితే కాసేపటికి నీరు విడిపోయేది. ఉమ్మిలోని ఎంజైమ్ పిండిని విరగ్గొడుతుందట. జాంథాన్ గమ్ అనే జిగురుతో చేసిన రకానికి మారాక ఆ బాధ పోయింది. అప్పట్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ దాని గురించి చెప్పాను. ఇప్పుడు అడిగినవాళ్లకే చెబుతున్నాను.

ఎందుకంటే అమ్మ తాగడం మానేసింది. ఆమెది ఫిల్టర్ కాఫీ ప్రాణం. పాలలో ఈ పొడి చిక్కబడటానికి నీళ్లలో కన్నా ఎక్కువ సేపు పడుతుంది. చిక్కబడలేదు కదా అని ఇంకో చెంచా వేస్తే మొత్తం ముద్దయిపోతుంది. అలాంటి కప్పు ఒకటి నోటి దగ్గర పెడితే, "ఇది కాఫీయా, గంజియా?" అంది, మాట ముద్దగా ఉన్నా అర్థమయ్యేలా. నీళ్లయితే నాలుక మీద జిగురుగా ఉంటున్నాయని, దాహం తీరడం లేదని సైగ చేసేది. ఎండలు ముదిరాయి. మూత్రం రంగు మారింది, మగతగా పడుకుండిపోయేది. చివరికి యూరిన్ ఇన్ఫెక్షన్, సెలైన్, మళ్లీ ఆసుపత్రి. మాకు మొదట్లో ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ద్రవాలు చిక్కగా ఇవ్వమని ఉంది కానీ, రోజుకు ఎన్ని ఇవ్వాలో ఒక్క ముక్క లేదు.

ఆ తర్వాత థెరపిస్టు మేడమ్ చేసిన పనికే నా మార్కులన్నీ. మళ్లీ కెమెరా పరీక్ష చేయించి, డాక్టరుతో మాట్లాడి, భోజనాల మధ్యలో మామూలు మంచినీళ్లు గుక్కగుక్కగా తాగనిచ్చారు. అమెరికాలోని ఫ్రేజియర్ రీహాబ్ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతట. తిన్న అరగంట తర్వాతే, పళ్లూ నాలుకా శుభ్రంగా తోమాకే, నిటారుగా కూర్చోబెట్టే తాగించాలి. మాత్రలు మాత్రం ఆ నీళ్లతో వేయకూడదు. శుభ్రమైన నీళ్లు కొద్దిగా పక్కదారి పట్టినా ఊపిరితిత్తులు పీల్చుకోగలవని, న్యుమోనియాకు ఎక్కువగా కారణమయ్యేది నోట్లోని క్రిములూ మెతుకులూనని వివరించారు. మా ఇంట్లో టూత్‌బ్రష్‌కి ఇంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

ఇది అందరికీ కుదురుతుందని చెప్పను. అమ్మకు తెలివి బాగుంది, కూర్చోగలదు, నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. ఛాతీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. పరీక్ష చేయించకుండా మాత్రం నన్ను చూసి మామూలు నీళ్లు పట్టకండి. మాటల థెరపీకి మార్కులు వేయడం తొందరపాటే. ఫోనులో అమ్మ మాట నాకే సగం అర్థమవుతుంది. కాఫీకి పొడి ఇంకా తప్పలేదు, డబ్బా అయిపోతే తిట్టుకుంటూనే ఆర్డర్ పెడుతున్నాను.