క్లబ్ చందా: జూలైలో ఒకేసారా, పంటకోసారా?

రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బులకు కొత్త ఏడాది జూలై 1న మొదలవుతుంది. గోదావరి డెల్టాలో అది సార్వా (ఖరీఫ్) పెట్టుబడుల కాలం. రైతు సభ్యుల చేతిలో డబ్బాడదు.

ఒకేసారి: కోశాధికారికి ఒక్క నెల తిరుగుడు. రైతుకు మాత్రం భారం. మొహమాటంతో మీటింగులకే రావడం మానేస్తారు. నాకు బాధనిపించేది అదే.

పంటకోసారి: దాళ్వా (రబీ) కోతలయ్యాక సగం, సార్వా ధాన్యం డబ్బులొచ్చాక సగం. ఇవ్వడం తేలిక, గుర్తుచేయడం రెట్టింపు పని. క్లబ్ తన అంతర్జాతీయ సంస్థకు పంపే చందా ఎలాగూ జూలై, జనవరిల్లో రెండు విడతలుగానే కట్టాలి, కాబట్టి లెక్క కుదురుతుంది.

వరదసాయానికి ఏ పద్ధతిలోనైనా వేరే ఖాతా ఉండాలి. లంకలు మునిగిన రోజున పడవ కిరాయికి, పాలప్యాకెట్లకు చందా కోసం ఎదురుచూడలేం.

ఉద్యోగులు, వ్యాపారులు ఎక్కువున్న భీమవరం, తణుకు లాంటి పట్టణాల్లో ఒకేసారి తీసుకోండి. సగంమంది రైతులైతే పంటకోసారే మేలు, ఓపికగా ఫోన్లు చేసే కోశాధికారి దొరికితే.