జేబు కత్తి పిడికి ఏది నయం: కూరగాయల పలకా, హైలం షీటా?

నాన్నగారి జేబు కత్తికి పిడి పగిలింది. బ్లేడు మాత్రం ఇప్పటికీ నిమ్మకాయను ఒక్క గాటుకే రెండు చేస్తుంది. చౌకలో రెండు దారులు కనిపించాయి: ఇంట్లో మూలపడిన కూరగాయలు తరిగే పలక, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో అడిగి తెచ్చిన హైలం ముక్క.

తెల్లటి ఆ పలక హెచ్‌డీపీఈ ప్లాస్టిక్. రంపానికి ఇట్టే లొంగుతుంది, నీటికి చెడదు. చిక్కంతా అంటించడంలోనే. ఎపాక్సీ జిగురు పూసి రాత్రంతా బిగించి ఉంచాను. పొద్దున గోటితో లేపితే అరటితొక్కలా ఊడి వచ్చింది. దీన్ని రివెట్లతోనే పట్టించాలి. 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే సరుకు కనుక, డ్రిల్లు వేగంగా తిప్పితే రంధ్రం చుట్టూ పోగులు లేస్తాయి. సాండ్ పేపరుతో రుద్దితే నూగు. బ్లేడు అంచును నిలువుగా పట్టి గీకడమే మేలు.

హైలం అంటే పాత స్విచ్‌బోర్డుల మీది గోధుమరంగు రేకు. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్ అనే ప్లాస్టిక్ వంశమే. కాగితం లేదా గుడ్డ పొరలను ఫినాలిక్ రెసిన్ అనే, వేడికి గట్టిపడే జిగురులో తడిపి, వేడి మీద అదిమి చేస్తారు. మళ్లీ కరగదు, గరుకు చేస్తే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది. గుడ్డ రకాన్ని గుండ్రంగా అరగదీస్తే పొరలు చెక్కలోని వలయాల్లా తేలతాయి. దుమ్ము మాత్రం చెడ్డది, మాస్కు తప్పదు. బాల్కనీలో ఆరేసిన చీరలు ముందే తీసేయండి, అనుభవంతో చెబుతున్నాను.

నాన్నగారి కత్తికి హైలమే వేశాను, ఇత్తడి రివెట్లతో. మిగిలిన పలక ముక్క తోటపని కత్తికి వెళ్లింది.